బురదలో ఆయన, టేపుకి ఇవతల మేము

మొన్న శనివారం పొద్దున మా పక్కింట్లో కొత్తగా దిగిన తెలుగు జంట కారు డిక్కీలో దుప్పట్లూ మడత కుర్చీలూ సర్దుకుంటుంటే, ఇంత చలిలో ఎక్కడికర్రా ప్రయాణం అని అడిగాను. "టల్సా దగ్గర సైక్లోక్రాస్ రేస్ ఉంది ఆంటీ, చూడ్డానికి డ్రైవ్ చేస్తున్నాం. మీకు ఐడియా ఉండదు లెండి, బురదలో సైకిల్ రేస్" అంది ఆ అమ్మాయి. నాకు ఐడియా ఉండదట! నవ్వాలో, ఆ పిల్లని కూర్చోబెట్టి గంటసేపు క్లాసు పీకాలో తెలియక, జాగ్రత్తగా వెళ్ళి రండమ్మా అనేసి లోపలికి వచ్చాను గాని, పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పాడయ్యేదాకా నేను ఈ లోకంలో లేను.

చాలా ఏళ్ళ కిందటి మాట, మా వారు ఇక్కడే బెంటన్‌విల్‌లో ఒక పెద్ద కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రోజులవి. ఆ బతుకు ఎలా ఉండేదో మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. క్లయింటు ఉంచుతాడా తీసేస్తాడా, ఎక్స్‌టెన్షన్ వస్తుందా రాదా అని ప్రతి శుక్రవారమూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడపడమే. ఒక మంచి సోఫా కొనుక్కుందామన్నా, రేపెక్కడ ఉంటామో ఏమో అని నేలమీద పరుపులతోనే సరిపెట్టుకున్నాం. అలాంటి మనిషికి నలభై దాటాక షుగరుందని డాక్టరు చెప్పేసరికి, అందరిలా బుద్ధిగా వాకింగుకి వెళ్ళకుండా, ఆఫీసులో ఎవరో చూపించారని ఈ సైక్లోక్రాస్ పిచ్చి పట్టుకుంది.

ఇది రోడ్డు మీద జరిగే పందెం కాదు. చలికాలంలో, పార్కుల్లో, గడ్డీ బురదా ఇసుకా ఏటవాలు గట్లూ ఉన్న దారిలో చుట్లు తిరగాలి. అడ్డంగా చెక్కలు పాతి ఉంటాయి, అక్కడ దిగి సైకిల్ని భుజాన వేసుకుని పరుగెత్తాలి. అందరికన్నా ముందున్నవాడు ఒక చుట్టు ఎక్కువ తిరిగి వెనకనుంచి వచ్చి మిమ్మల్ని పట్టుకున్నాడా, ఇక అంతే సంగతులు. అక్కడి అఫీషియల్ విజిల్ ఊది పక్కకి పిలిచేస్తాడు, ఆఖరిదాకా ఉండనివ్వడు. మా వారిని ప్రతిసారీ అలాగే పిలిచేసేవారు. గెలవాలని ఆయనకి ఏనాడూ లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరూ తీసేయకుండా ఆఖరి గీత దాటాలి, అంతే. "ప్రాజెక్ట్‌లోంచి తీసేస్తే అది నా చేతిలో లేదు, కనీసం దీంట్లోనైనా చివరిదాకా ఉండనిస్తే చాలు" అన్నారు ఒకనాడు తిరుగు ప్రయాణంలో, స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా. నేను కిటికీవైపు తిరిగిపోయాను.

ఇంత చలిలో బురద పూసుకోవడమేమిటి, బుద్ధుండక్కర్లా అని మొదట్లో దెప్పిపొడిచినదాన్ని నేనే. కాని ఆ ప్రయాణాల్లో ఏదో మత్తుంది సుమండీ! తెల్లవారకముందే లేచి, పులిహోర డబ్బాలో సర్ది, అల్లం కాఫీ ఫ్లాస్కులో పోసి, నిద్రమొహంతో ఉన్న మా అమ్మాయిని దుప్పటితో సహా కారులో పడేసి బయల్దేరితే, ఒక వారం టల్సా, ఒక వారం కాన్సస్ సిటీ, మధ్యలో పేరు కూడా గుర్తులేని ఎన్నో ఊళ్ళు. దిగీ దిగగానే గంటల మోత వినపడేది. చూడవచ్చినవాళ్ళంతా మన ఆవుల మెడలో కట్టేలాంటి గంటలు చేతబట్టి వాయిస్తూనే ఉంటారు. కాళ్ళు చల్లబడి గడ్డకట్టినట్టున్నా సరే, మలుపులో మా వారి హెల్మెట్ కనపడగానే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. ఒకసారి పక్కన నిలబడ్డ తెల్లావిడ నా అరుపులు విని ముచ్చటపడి తన గంట నా చేతిలో పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆ గుంపులో నన్ను మించి అరిచేవాళ్ళు లేరంటే నమ్మండి.

ఆ చలికాలమే తెనాలి నుంచి మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చారు. చీర మీద లావుపాటి కోటు, మేజోళ్ళు, నా స్నీకర్లు, తలకి మఫ్లరు. కొడుకు సైకిలు మోసుకుంటూ గట్టెక్కడం చూసి, "సైకిలెక్కి తొక్కమంటే ఆ సైకిలే వీడి భుజమెక్కిందేమిటే!" అని ముక్కున వేలేసుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. టల్సాలో ఆయన మా ముందే జారి బోర్లా పడేసరికి ఆవిడ ఆగితేనా! రేసు దారి వెంబడి కట్టిన ప్లాస్టిక్ టేపు కిందనుంచి దూరి, కోటులోంచి కొంగు లాగి మొహం తుడిచి, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నోటికందించారు. మా వారేమో అమ్మ చేతిని తోసెయ్యలేక, అంతమంది పక్కనుంచి దూసుకుపోతుంటే, ఆ బురదలో నిలబడి కాఫీ మొత్తం తాగారండీ! అంతలో ముందున్నవాడు వెనకనుంచి వచ్చేశాడు, విజిల్ వినపడింది. సాయం తీసుకున్నందుకు ఎలాగూ తీసేసేవాళ్ళమని అఫీషియల్ చెప్పాడు గాని, అతనికీ నవ్వు ఆగలేదు. దారిపొడవునా కారులో అత్తగారు మాత్రం నవ్వలేదు. నావల్లనే వాణ్ణి తీసేశారా అని అడుగుతూనే ఉన్నారు, కాదమ్మా కాదని మా వారు చెబుతూనే ఉన్నారు.

ఆ ఏటి ఆఖరి రేసు కాన్సస్ సిటీ పొలిమేరల్లో. మా వారి ప్రాజెక్టు ఫిబ్రవరితో అయిపోతోంది, ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉంటామో, అసలు ఈ దేశంలో ఉంటామో లేదో తెలియదు, కాబట్టి ఇదే ఆయనకి చివరి అవకాశమని మాకందరికీ తెలుసు. ముందురోజు వాన పడి నేలంతా జారుడు. ఆ రోజు ఆయన ఎంత బాగా తొక్కారో! చుట్టు తర్వాత చుట్టు వస్తూనే ఉన్నారు, విజిల్ మాత్రం రాలేదు. చివరికి అందరికన్నా ముందున్న ఎర్రచొక్కావాడు తన ఆఖరి చుట్టులో ఉన్నాడు, మా వారికి ఇది కాక ఇంకొకటి మిగిలి ఉంది. వాడు పట్టుకునేలోగా గీత దాటారంటే ఆ మిగిలిన చుట్టు తొక్కనిస్తారు, లేదంటే లేదు.

గీత ఇంకాస్త దూరంలో ఉందనగా, సరిగ్గా మా ముందే, ముందు చక్రం జారి ఆయన పక్కకి కూలిపోయారు. సైకిలు ఆయన మీద. వెనక మలుపులో ఎర్రచొక్కా కనపడుతోంది. అత్తగారి చెయ్యి టేపు మీదకి వెళ్ళింది. మా అమ్మాయి ఆవిడ కోటు పట్టుకుని, "నానమ్మా, నో! నువ్వు టచ్ చేస్తే నాన్నని తీసేస్తారు!" అని ఏడుపు గొంతుతో అరిచింది. ఆవిడ ఆగారు. కొడుకు కళ్ళెదుట బురదలో పడి ఉంటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని నలిపేస్తూ నిలబడ్డారు. తర్వాత ఆవిడ గొంతులోంచి నేనెప్పుడూ వినని అరుపు వచ్చింది.

"లేవరా నాన్నా! లే! వాడొచ్చేస్తున్నాడు, తొక్కరా!"

ఆయన లేచారు. ఎలా లేచారో, ఎలా ఎక్కారో నాకు తెలియదు, మేము ముగ్గురమూ టేపు పక్కనుంచి గీతవైపు పరుగే పరుగు, నా చేతిలో గంట, అత్తగారి చేతిలో చీర కుచ్చిళ్ళు. ఎర్రచొక్కావాడికి కొంచెం ముందుగా మా వారి చక్రం గీత దాటింది. అఫీషియల్ నోట్లో విజిల్ ఉంది. మా వారు అతనివైపు చూశారు. అతను విజిల్ తీసేసి, వెళ్ళు వెళ్ళు అని చెయ్యి ఊపాడు. అప్పటికి రేసు గెలిచిన ఎర్రచొక్కావాడు సైకిలు దిగిపోయాడు, మిగతావాళ్ళు ఒక్కొక్కరూ వచ్చేస్తున్నారు, మా వారు మాత్రం అందరికన్నా చివర, ఒంటరిగా, ఆ ఆఖరి చుట్టు తొక్కారు. ఆయన కనపడిన చోటల్లా గంటలు మోగాయి, ఆ మోతలో నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. గీత దాటి దిగాక ఆయన మా దగ్గరికి వచ్చి, "ఉండనిచ్చారే!" అన్నారు, అంతే.

ఆ ఫిబ్రవరిలో ప్రాజెక్టు పోనే పోయింది. ఊళ్ళు మారాం, మళ్ళీ ఈ ఊరికే వచ్చాం, ఆలస్యంగానైనా గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొనుక్కున్నాం, మంచి సోఫా కూడా. అత్తగారు పోయి చాలాకాలమైంది, మా అమ్మాయి క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది, మా వారి మోకాళ్ళు ఇప్పుడు మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి. మమ్మల్ని ఇక్కడినుంచి తీసేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అప్పట్లో ఇంతకన్నా కోరుకున్నది ఏముంది! కాని ఈ వెచ్చటి ఇంట్లో, ఏ భయమూ లేకుండా కూర్చుని, ఒక మనిషి కోసం ఒళ్ళు మరిచి అలా గొంతు చించుకుని ఎన్నేళ్ళయిందా అని ఇంకా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.