తూకం గదిలో గంగవ్వ గొంతు

కోవిడ్ సద్దుమణిగి బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది సెప్టెంబరులో నన్ను దోహాలోని మదీనత్ ఖలీఫాలో ఒక అంతర్జాతీయ పాఠశాలకు స్కూల్ నర్సుగా వేశారు. అంతకుముందంతా ఆసుపత్రి వార్డుల్లోనే చేశాను. స్కూల్ నర్సు హోదా ఏమిటో చెప్పడం కష్టం. టీచర్ల లెక్కలో ఆసుపత్రి మనిషిని, ఆసుపత్రి లెక్కలో బడి మనిషిని. పైన అప్పుడప్పుడూ వచ్చే డాక్టరు, కింద హెల్పర్ గంగవ్వ. మధ్యలో నేను, మోకాలి దెబ్బలు, కడుపునొప్పులు. ఈ కడుపునొప్పుల్లో సగం లెక్కల పరీక్ష రోజునే వచ్చేవి.

గంగవ్వది నిజామాబాద్ వైపు. దోహాలోనే అబూ హమూర్ పేటలో ఒక విల్లాలో ఇంటిపని చేసి, ఆ తర్వాత మా బడి క్లినిక్‌లో చేరింది. పొలం అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచి అలవాటైన గొంతు ఆమెది. దోహాలో పొలాలు లేవు గానీ గొంతు మాత్రం వెంట వచ్చింది.

ఏటా మొదటి టర్ములో మా పెద్ద పని స్క్రీనింగ్. పిల్లలందరికీ ఎత్తు, బరువు, చూపు పరీక్షించాలి. బూట్లు విప్పించి, జేబులు ఖాళీ చేయించి, మడమలు గోడకు ఆనించి ఎత్తు తీస్తాం. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. పెద్దవాళ్ళకైతే ఆ అంకె చాలు. పిల్లలకు మాత్రం అదే వయసు వాళ్ళ పట్టికతో పోల్చి చూడాలి. పట్టికలో గీత దాటితే ఇంటికి ఆ సంగతి రాసిన కవరు వెళ్తుంది. ఈ భాగహారమంతా చేసే నర్సును నేనే; పేరు సుగుణ, ఒళ్ళు మాత్రం గుణకారం. స్టూలు మీద కూర్చునే ముందు దాని కాళ్ళు ఓసారి చూసుకునేదాన్ని.

తూకానికి మేం వాడింది మన ఊళ్ళ హెల్త్ క్యాంపుల పద్ధతే. ఒకరు అంకె చదివి కేకేస్తారు, ఇంకొకరు కంప్యూటర్లో ఎక్కిస్తారు. కేక గంగవ్వది. "యల్లా, యల్లా" అంటూ, అరబ్బీలో పదండి పదండని వరస నడిపించేది. కాస్త ఒళ్ళున్న పిల్ల వస్తే బుగ్గ నిమిరి, "మంచిగ దొడ్డుగున్నది సిస్టర్, ఇంట్ల మంచిగ పెడుతున్నరు" అని మెచ్చుకునేది. వాళ్ళ ఊళ్ళో అది దీవెన. మా వైపూ అంతే. మా పెద్దమ్మ నన్ను చూసినప్పుడల్లా "ఒళ్ళు చేశావే" అని మురిసిపోయేది. ఆ దీవెన ఫలించిన తీరు పైన మనవి చేశాను.

ఐదో తరగతిలో జేడా అనే అమ్మాయి ఉండేది. నల్లజాతి అమెరికన్ల బిడ్డ. తల్లి డెనీస్ దోహాలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పేది. జేడా పొడుగ్గా, గట్టిగా ఉండేది; రిలేలో ఆఖరి పరుగు ఆమెదే. స్క్రీనింగ్ రోజు గంగవ్వ జేడా అంకె కేకేసింది. వరసలో వెనకున్నవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా తరగతిలో ఆ పిల్లకు పేరు పోయి అంకె మిగిలింది. ఈ సంగతి అప్పటికి మాకు తెలియదు. మేం చూసింది, ఆ తర్వాత ఆమె తరచూ కళ్ళు తిరుగుతున్నాయంటూ క్లినిక్‌కు రావడం. టిఫిన్ డబ్బా తెరిచి చూస్తే శాండ్‌విచ్ ముట్టలేదు. అడిగితే ఆకలి లేదంది. రిలే జట్టులోంచి కూడా తప్పుకుందని పీటీ సారు చెప్పారు.

ఇంతలో ప్రిన్సిపాల్‌కు డెనీస్ మెయిల్ పెట్టింది, స్క్రీనింగ్‌కు ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంటున్నామని. బడిలో ఉన్న మిగతా నల్లజాతి అమెరికన్ కుటుంబాలూ అదే మాట. వాళ్ళను పిలిపించి ఒప్పించే పని ప్రిన్సిపాల్ నాకు అప్పగించారు. బరువు బాధ్యతలంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

క్లినిక్‌లోనే కూర్చోబెట్టాను. ఊబకాయం, దాని జబ్బుల గురించి చిన్న ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అది సగంలో ఉండగానే డెనీస్ ఆపింది. వాళ్ళమ్మకు షుగర్ వల్ల పాదం తీసేశారట, తనకు బీపీ ఉందట. బిడ్డ ఆరోగ్యం గురించి బడి చెబుతానంటే అందరికంటే ముందు వచ్చి వింటానంది. పక్కనున్న తల్లులు తలూపారు. ఒక తండ్రి మాత్రం, మీ పట్టికకు కండ ఏదో కొవ్వు ఏదో తెలుస్తుందా అని అడిగాడు. తెలియదని ఒప్పుకున్నాను.

డెనీస్ నన్ను మిస్ సుగుణ అని పిలిచేది. వాళ్ళ దక్షిణాది రాష్ట్రాల్లో పేరు ముందు అలా చేర్చడం మన 'గారు' లాంటిదట.

"తూకం వద్దనడం లేదు, మిస్ సుగుణ. నా బిడ్డ అంకె నాకు చెప్పండి. తరగతికి కాదు" అంది. తరగతిలో జేడాను ఏమని పిలుస్తున్నారో అప్పుడు చెప్పింది.

తప్పు దొరికినప్పుడు ఉద్యోగులు చేసే పనే చేశాను, పద్ధతి వివరించాను. కేకేస్తే ఎక్కించడంలో తప్పులు పడవని, వరస త్వరగా కదులుతుందని, ఎవరికీ చెడు ఉద్దేశం లేదని చెప్పాను. డెనీస్ ఓపిగ్గా విని, నవ్వుతూ తూకం మిషన్‌నూ, దాని పక్కనే నిలబడ్డ గంగవ్వనూ చూపించింది.

"అయితే మీరు ఎక్కండి. ఆవిడ కేకేస్తుంది."

ఎక్కనంటే మా పద్ధతి మంచిది కాదని నేనే చెప్పినట్టు. చెప్పులు విప్పాను. జేబులో తాళంచెవులు కూడా తీసి బల్ల మీద పెట్టాను. నిబంధన కోసం కాదు, ఎంత తగ్గితే అంత లాభమని. కళ్ళు గోడ మీదికి తిప్పుకుని ఎక్కాను. గంగవ్వ వంగి అంకె చూసింది. నన్ను చూసింది. కూర్చున్నవాళ్ళందరినీ చూసింది. వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతు బయటికి రాలేదు. నా చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడింది.

"గింతమంది ముందల ఎట్ల చెప్పాలె సిస్టర్? ఇజ్జత్ పోదా?"

వాళ్ళకు తెలుగు రాదు. అయినా అర్థం చెప్పమని ఎవరూ అడగలేదు. డెనీస్ నవ్వేసింది. నేనూ మిషన్ మీదే నిలబడి నవ్వాను. "మేం అడిగింది ఇంతే" అందామె.

డాక్టరు ఒప్పుకోగానే పద్ధతి మార్చాం. తెర కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచాం. అంకె పిల్లలకు కనిపించకుండా మిషన్ తిప్పాం. కేక మానేసి, గంగవ్వ అంకెను తనే టైపు చేయడం నేర్చుకుంది. గీత దాటితే కవరుకు ముందు ఇంటికి ఫోన్ చేయాలి. అందులోనూ బరువుతో మొదలుపెట్టకూడదు, నిద్ర, ఆట, ఇంట్లో షుగర్, బీపీ గురించి అడిగాకే. క్లాస్ టీచరు తరగతితో మాట్లాడి జేడాకు పేరు తిరిగి ఇప్పించారు. ఆ కుటుంబాలన్నీ అనుమతులు మళ్ళీ ఇచ్చాయి.

చలికాలం మొదట్లో జేడా మోకాలు దోక్కుపోయి వచ్చింది, రిలే ప్రాక్టీసులో పడిందట. నేను మందు రాస్తున్నంతసేపూ శాండ్‌విచ్ తింటూనే ఉంది. గంగవ్వ మెచ్చుకోబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

రిటైరయ్యేదాకా ఆ పద్ధతే పాటించాను. తల్లిదండ్రులు స్క్రీనింగ్ వద్దన్నప్పుడు, వద్దంటున్నది కొలతనా, కొలిచే తీరునా అని ముందు అడగాలి. ఆనాడు డెనీస్ వాళ్ళు రెండోది అంటుంటే, నేను మొదటిదానికి ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఆ రోజు నా అంకె ఎంతో గంగవ్వ ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేనూ అడగలేదు.