కత్తెర టీచరు గోడ

ఆ బడిలో చిన్నపిల్లల తరగతి గోడను చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోవాల్సిందే. నాలుగేళ్ళు నిండీ నిండని పిల్లలు వేసిన ఏనుగులకు దంతాలు రెండూ ఒకే కొలతలో ఉండేవి. సీతాకోకచిలుకకు కుడి రెక్క మీద ఎన్ని చుక్కలో ఎడమ రెక్క మీదా అన్నే. రంగు గీత దాటిన పాపాన పోలేదు. మంచినీళ్ళు తాగితే సగం చొక్కా మీద పోసుకునే పిల్లలకు ఇంత పనితనం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్క తల్లీ తండ్రీ అడగలేదు. మన బిడ్డ మేధావి అని గోడే చెబుతుంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ మేధస్సంతా కత్తెర టీచరుది. ఆవిడకూ ఒక పేరుండేది గాని, నడుముకు వేలాడే కత్తెర పుణ్యమా అని అది వాడుకలోంచి పోయింది. పిల్లలు కాగితాలు చింపి అతికిస్తే అంచులు కత్తిరించేది. మట్టితో పిట్టను చేస్తే ముందు మెడ సరిచేసేది, తర్వాత రెక్కలు, ఆ తర్వాత పిట్టనే. టైంటేబుల్లో సృజన పీరియడ్ అని రాసున్న ఆ కాసేపూ పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆవిడ చెమటలు కక్కుతూ సృజించేది. మిగిలిన సృజనను సంచిలో వేసుకుని ఇంటికి మోసుకెళ్ళేది.

గడియారాలు బాగుచేసే భర్త పక్కన కూర్చుని జిగురు డబ్బా మూత తీసిపెట్టేవాడు. "ఈ తాబేలు ఎవరిదోయ్? బాగా వేశాడే."

"కిటికీ పక్కన కూర్చునే పిల్లాడిదండీ. వాడి చెయ్యి మంచి చెయ్యి" అనేది ఆవిడ, ఆ తాబేలుకు మిగతా మూడు కాళ్ళూ అతికిస్తూ. అది అబద్ధమని ఆవిడకు తోచనేలేదు. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి వంకర బొమ్మను వంకరగా ఎలా వదిలేస్తుంది?

అలా ఏళ్ళు గడిచాక ఒకరోజు తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. గోడ వైపు ఒక చూపు చూసి, పిల్లలకు తెల్లకాగితాలు పంచింది. "మీకిష్టమైన బొమ్మ వేయండి నాన్నా" అంది.

పిల్లలు బుద్ధిగా లేచారు. కాగితాలు పట్టుకుని కత్తెర టీచరు ముందు వరసగా నిలబడ్డారు. మొదటివాడు కాగితం చాపి, "టీచర్, నాకు బస్సు" అన్నాడు. వాడి వెనక పిల్ల, "నాకు కుందేలు. గులాబీ రంగుది" అంది. హోటల్లో ఆర్డరు చెప్పేవాళ్ళు కూడా అంత స్పష్టంగా చెప్పరు. ఆ గదిలో పిల్లలు సొంతంగా చేసిన మొదటి పని ఆ వరసే.

అధికారిణి వెళ్ళగానే బడి యజమానురాలు పెద్ద మేడం కబురుపెట్టింది. వచ్చినవాళ్ళందరినీ ఇన్నేళ్ళూ చెయ్యి పట్టుకుని ఆ గోడ దగ్గరకు తీసుకెళ్ళింది ఈవిడే. ఇప్పుడు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు చూసింది.

"ఇంత మోసమా తల్లీ? నెలాఖరుకు తల్లిదండ్రులొస్తారు, ఆ అధికారిణీ మళ్ళీ వస్తుంది. గోడ మీద నీ గీత ఒక్కటి కనబడినా ఆ తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తాను. నువ్వు ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తుదువుగాని."

పిల్లలు లేని గది అనగానే ఆవిడ నేరుగా తరగతికి వెళ్ళింది. కత్తెరను అలమరలో పెట్టి, తాళంచెవి ఆయాకు అప్పజెప్పింది. సృజన పీరియడ్‌లో రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పిల్లలు ఆవిడనే చూస్తూ కూర్చున్నారు. కాగితాలు తెల్లగానే ఉండిపోయాయి. టీచరు చేతులకు దెబ్బ తగిలిందని చివరికి పిల్లలే తేల్చారు. ఒకడు వచ్చి ఆవిడ మోచేతి మీద ఉఫ్ అని ఊదాడు. ఆ జాలితోనే ఒక్కొక్కరూ రంగులు పట్టారు.

ఆ తర్వాత ఆవిడ పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. అయిదు కాళ్ళ గుర్రం వచ్చింది. ఇంటికన్నా పెద్ద కోడి వచ్చింది. ఆవిడ పళ్ళు బిగబట్టి "బాగుంది" అనేది. బాగులేదని ఆవిడ ముఖం చెబుతూనే ఉండేది.

సమావేశానికి ముందురోజు ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల తన కాగితం తెచ్చింది. పెద్ద తల, పెద్ద కళ్ళజోడు, తలకిందే రెండు కాళ్ళు.

"ఎవరమ్మా ఇది?"

"మీరు."

పోలిక బాగానే కుదిరింది. చేతులే లేవు. ఆవిడ చెయ్యి తనంతట తనే పెన్సిలందుకుంది. రెండే గీతలు, ఏ అధికారిణి కంటికీ ఆనవు.

పిల్ల కాగితాన్ని గుండెకు హత్తుకుంది. "వద్దు."

"చేతులు మర్చిపోయావు బంగారం."

"మర్చిపోలేదు. చేతులుంటే మీరు నా బొమ్మ తీసేసుకుంటారు."

కత్తెర టీచరు తన చేతుల వైపు చూసుకుంది. తన చేతికింద పెరిగి వెళ్ళిన పిల్లలెంతమంది, వాళ్ళ దగ్గర తను లాక్కున్న కాగితాలెన్ని. సిగ్గుతో తలెత్తలేకపోయింది. పెన్సిల్ పక్కన పెట్టి, పిల్ల అడిగిన చోటే ఆ బొమ్మను గోడకు అంటించింది.

మర్నాడు తల్లిదండ్రులు గోడను చూసి డీలాపడ్డారు. "ఈ ఏడాది పాఠాలు చెప్పడం మానేశారా?" అని ఒక తండ్రి మెల్లగా అడిగాడు. అధికారిణి మాత్రం ప్రతి బొమ్మ ముందూ ఆగి, "ఇవి పిల్లలవే" అంది. "మొదట్నుంచీ మా పద్ధతి ఇదేనండీ" అంది పెద్ద మేడం, కళ్ళార్పకుండా. తరగతి కత్తెర టీచరుకే దక్కింది.

అందరూ టీ తాగడానికి కదిలాక చేతుల్లేని బొమ్మ ముందు ఆ పిల్ల తల్లి ఆగిపోయింది. పక్కన పిల్ల ఆవిడ చెంగు పట్టుకుని నిలబడింది.

"మా దానికి సరిగా రాదు మేడమ్. మీరైనా కాస్త దిద్దకపోయారా" అంటూ ఆ తల్లి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పెన్ను తీసింది. గోడ వైపు వంగింది.

కత్తెర టీచరు ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా" అంది. "ఆ బొమ్మ పూర్తయింది."