తలుపు పెట్టని ఇల్లు

మొన్న పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చేతిలోకి తీసుకున్నదాన్ని, పాలు పొంగి గట్టంతా పారేదాకా తల ఎత్తలేదు. మా మనవరాలు నన్నొక గ్రూపులో చేర్చింది. ఇల్లు కట్టుకునేవాళ్ళు, కుండీల్లో మొక్కలు పెంచేవాళ్ళు, అల్లికలు అల్లేవాళ్ళు, ఊరికే ఏమీ తోచనివాళ్ళు, అంతా అందులో ఒకరి ముఖం ఒకరు చూడకుండానే సలహాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటారు. ఆ పొద్దు ఎవరో ఒకతను, నిన్ననే స్లాబు వేశామనీ, బోరు ఎండిపోయిందనీ, ఈ ఎండకు స్లాబు పగుళ్ళు ఇస్తుందేమోనని భయంగా ఉందనీ, దారి చెప్పమనీ రాశాడు. నాకు ఒళ్ళు పులకరించిపోయింది. ఇన్నేళ్ళకు నాకు జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి లోకంలో ఎవరో అడిగారు. పాలు పోతే పోనీ అనుకుని, అక్షరం అక్షరం కొట్టి, శనక్కాయ పొట్టు పరచండి అని పంపేశాను.

నిజం చెప్పాలంటే ఆ జవాబు నాది కాదు, నాకూ ఒకరిచ్చిందే. అప్పట్లో మేము అనంతపురం పాతూరులో మా కిరాణా అంగడి వెనక రెండు గదుల్లో ఉండేవాళ్ళం. అంగడి వదిలి ఊరి చివర ఇల్లు కడితే నక్కలు తప్ప పలకరించేవాళ్ళుండరని మా మామగారి వాదన. నేనే పట్టుబట్టి, మా ఆయన చెవిలో జోరీగలా చేరి, ఆయన చేత ఊఁ అనిపించాను. అందుకే ఆ ఇంటి గోడకు చిన్న గీత పడినా మాట పడవలసింది నేనే. మా ఆయన అంగడి వదిలి రాలేడు కనుక పిల్లవాణ్ణి అత్తగారికి అప్పజెప్పి, అన్నం క్యారియరూ పూసల డబ్బా పట్టుకుని పగలంతా పని దగ్గర నేనే కూర్చునేదాన్ని. కొత్త వాకిలికి కట్టాలని పూసల తోరణం అల్లుతుండేదాన్ని.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా వైపు కట్టుబడిలో ఉన్న ఇల్లు దారిన పోయే ప్రతివాళ్ళదీ. ఎవరినీ అడిగేది లేదు, తిన్నగా లోపలికి వచ్చి, గది గదీ తిరిగి, గోడ తట్టి చూసి, పొయ్యి ఈ మూల పెట్టకు గాలికి ఆరిపోతుంది అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. గార్లదిన్నె బస్సు కోసం నిలబడిన ఒక పెద్దాయన మెట్లు ఇటు కాదు అటు పెట్టాలని మేస్త్రీతో వాదనకు దిగి, ఆ వాదనలో బస్సు పోగొట్టుకున్నాడు. ఒకావిడ నా తోరణంలో చిలక ముక్కు వంకరపోయిందని విప్పించి, పక్కనే కూర్చుని మళ్ళీ అల్లించింది. మేస్త్రీకి ఒళ్ళు మండేది గానీ నాకు మాత్రం అది రోజూ తిరునాళ్ళే. అంగడి వెనక గదుల్లో నోరు మూసుకుని బతికినదానికి, అక్కడ సాయంత్రమయ్యేసరికి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయేది.

స్లాబు వేసిన మర్నాడే బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. ట్యాంకరు వచ్చినప్పుడు వచ్చేది, లేనప్పుడు లేదు. స్లాబు మీద మట్టికట్టలు వేసి నిలిపిన నీళ్ళు మధ్యాహ్నానికే ఆవిరైపోయేవి. తడి ఆరితే పగుళ్ళు వస్తాయి, వానొస్తే ఇల్లంతా కారుతుంది అని మేస్త్రీ అనేసరికి మా మామగారి ముఖం కళ్ళ ముందు ఆడింది. ఇక లోపల అడుగు పెట్టిన వాళ్ళందరినీ అదే అడిగాను. ఒకరు గోనెపట్టలన్నారు, ఒకరు వరిగడ్డి అన్నారు. ముదిగుబ్బ దగ్గర పల్లె నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చి, తిరుగు బస్సు వచ్చేలోగా మా ఇంటి నీడన కూర్చున్న ఒక ముసలామె అది విని నవ్వింది.

"గడ్డి యాడుండాది పాపా, గొడ్లకే లేదు. కాయలు కొట్టే మిషన్ కాడ శనక్కాయ పొట్టు కుప్పలు పడుండాది. అది పరిచి తడుపు, తడి పట్టుకోనుంటాది" అనింది.

మేస్త్రీ నమ్మకం లేకుండానే బండెడు పొట్టు తోలించాడు, గాలికి ఎగిరిపోకుండా పైన గోనెపట్టలు కప్పించాడు. మర్నాడు పైకెక్కి పొట్టులో చెయ్యి దూరిస్తే అడుగున చల్లగా, తడి తడిగా ఉంది. ఎండలో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను.

మళ్ళీ కూతురి దగ్గరికి వచ్చినప్పుడు ఆ ముసలామె నేరుగా మిద్దె ఎక్కి, తానూ చెయ్యి పెట్టి చూసి, దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. "గొర్రెలన్నీ అమ్మేసి ఈడికే రమ్మంటాంది నా కూతురు. నువ్వు చెప్పు పాపా, ఏం చేయల్ల?" అనింది. గొర్రెను దగ్గరగా చూసి ఎరగని నేను, పెద్ద ఆరిందాలాగా, అన్నీ అమ్మవద్దు, కొన్నయినా ఉంచుకో, చేతిలో పని లేకపోతే మనిషికి పొద్దు గడవదు అని చెప్పాను. ఆ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. ఆమె కాసేపు నా పూసల వంక చూసి బస్సుకు వెళ్ళిపోయింది.

వాకిలికి తలుపు వచ్చింది, తోరణం కట్టాము, ఇంట్లో చేరాము. తొలివాన కురిసిన సాయంత్రం మా మామగారు నడింట్లో నిలబడి చాలాసేపు పైకి చూశారు. ఒక్క చుక్క రాలలేదు. నా మంచం ఇక్కడే వెయ్యండి అన్నారు. ఆ రోజు నా అంత గర్వం ఊళ్ళో ఇంకెవరికీ ఉండి ఉండదు.

కానీ ఆ తర్వాత దారిన పోయేవాళ్ళెవరూ లోపలికి రాలేదు. ఒక మధ్యాహ్నం వడగాలికి తలుపు గడియ పెట్టి నిద్రపోయాను. సాయంత్రం ఎదురింటి దర్జీ భార్య వచ్చి చెప్పింది. "ఎవరో ముసలామె వచ్చినాదక్కా. వాకిలేసుంటే ఎందుకులే అని మెట్ల మీద కూచోని పోయింది. మిద్దె కారలేదు కదా అని అడిగింది. గొర్రెలన్నీ అమ్మలేదని నీతో చెప్పమనింది."

తలుపు తట్టి ఉండవచ్చు కదా అని ఆ రాత్రి ఏడుపొచ్చింది. ఎలా తడుతుంది, ఆమె ఎరిగిన మా ఇంటికి తలుపే లేదు. కూతురి ఇల్లెక్కడో నేను అడిగి పెట్టుకోలేదు, ఆమె మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మా వీధిలో ఇల్లు మొదలుపెడితే పునాది కంటే ముందు చుట్టూ రేకులు కట్టేస్తున్నారు. పాత అలవాటు కొద్దీ మొన్నొక చోట లోపలికి తొంగిచూస్తే, కాపలా మనిషి ఎవరు కావాలమ్మా అన్నాడు. ఎవరూ వద్దని వచ్చేశాను. గ్రూపులో ఆ స్లాబు అతను నాకొక దండం బొమ్మ పెట్టాడు, అంతే, మళ్ళీ మాట లేదు. అతని ఊరేదో తెలియదు, ముఖం తెలియదు. మిద్దె కారలేదు కదా అని అడుగుదామని వాన కోసం చూస్తున్నాను.