పాత వ్యాను స్టీరింగు

దయ్యాలు లేవని మీరు చెప్పేది నలుగురిలో ఉన్నప్పుడేనా, ఒక్కరే ఉన్నప్పుడు కూడానా?

నేను ఒక్కడినే ఉన్నప్పుడూ అదే చెప్పాను. చేతబడి చేస్తామన్నవాళ్ళను సభకు పిలిచి, "నా మీద చేసి చూపించండి" అని సవాలు విసిరినవాళ్ళలో నేనూ ఉన్నాను. పూనకాల మీద, బాణామతి మీద రాసిన వ్యాసాలకు నాకు మెప్పు కంటే తిట్లే ఎక్కువ వచ్చాయి. కాబట్టి ఇది చదివి "ఈయన కూడా మారిపోయాడు" అని ఎవరూ సంబరపడొద్దు. నేను మారలేదు. చూసింది రాస్తున్నాను, అంతే.

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఓ కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీర్‌ని. కూతురి కాలేజీ కోసం నా భార్యా, కూతురూ వైజాగ్ వెళ్ళిపోయాక ఫ్లాట్‌లో ఒక్కడినే మిగిలాను. శుక్రవారం సెలవు. ఆ రోజంతా ఏసీ శబ్దం తప్ప ఇంట్లో ఇంకో శబ్దం ఉండదు. అది భరించలేక తుప్పు పట్టిన ఓ పాత అమెరికన్ కారు కొన్నాను. పై రేకులు తగ్గించి, వేరే ఇంజను ఎక్కించి, మనకు నచ్చినట్టు కట్టుకునే ఇలాంటి బండిని హాట్ రాడ్ అంటారు. పక్క ఊరు దమ్మాంలో వర్క్‌షాపులుండే సనాయియాలో ఓ షెడ్డు అద్దెకు తీసుకున్నాను.

తోడు మస్తాన్. కడపవాడు, ఏసీ మెకానిక్కు. మా ఫ్లాట్‌లో ఏసీ బాగుచేయడానికి వచ్చి బండి ఫోటో చూశాడు. ఆ శుక్రవారం నమాజు కాగానే షెడ్డుకు వచ్చేశాడు. తర్వాత ఏ వారమూ మానలేదు. అప్పటికే అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇక దేశం వదిలి వెళ్ళమని ఎగ్జిట్ కొట్టేశాడు. రంజానుకు ముందే ఇంటికి వెళ్ళిపోవాలి. వెళ్ళేలోగా ఆ బండిని ఒక్కసారైనా తోలాలని అతని కోరిక. అతను తోలుతుంటే చూడాలని నా కోరిక.

ఇంజను కుదిరింది. స్టీరింగు కాలమ్ దగ్గర ఆగిపోయాం. స్టీరింగు చక్రాన్ని మోస్తూ కిందికి దిగే గొట్టమే కాలమ్. కొత్తది అమెరికా నుంచి తెప్పిస్తే బండి కంటే అదే ఖరీదయ్యేలా ఉంది. ఇప్పటి కార్లలోవి చవకే గాని, వాటి మోటార్లు, వైర్ల గొడవ మనకు పడదు. ఇక మిగిలింది తష్‌లీహ్, పాత బండ్లు విప్పి సామాను అమ్మే చోటు. అక్కడ మా బండికి సరిపోయేవి రెండు దొరికాయి. ఒకటి పాత టాక్సీది, ఎత్తు మారదు. రెండోది పాత వ్యానుది, ఎత్తు మార్చుకోవచ్చు.

"వ్యానుదే తీసుకోన్నా. నా పొట్ట పట్టద్దా?" అన్నాడు మస్తాన్. వ్యానుదే కొన్నాం.

అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి, విషయమంతా అందులోనే ఉంది. పక్కనున్న చిన్న మీట లాగితే లోపలి స్ప్రింగు చక్రాన్ని పైకి నెడుతుంది. కిందికి దించాలంటే మీట లాగి పట్టుకుని, స్ప్రింగు నెడుతున్నా చేత్తో గట్టిగా నొక్కాలి. చక్రాన్ని ఒక్కో మెట్టులో పట్టి ఉంచే లోపలి పళ్ళు అరిగిపోతే అది తనంత తాను పైకి లేవొచ్చు. తనంత తాను కిందికి దిగదు.

అది దిగింది.

మస్తాన్ పొట్టకు వీలుగా అన్నిటికంటే పై మెట్టులో పెట్టి, షెడ్డుకు తాళం వేసి వెళ్ళాం. తర్వాతి శుక్రవారం వచ్చేసరికి అడుగు మెట్టులో ఉంది.

"ఏందన్నా, పొట్టోడెవడో తోలినట్టుండాది" అని నవ్వాడు మస్తాన్. పైకి లేపాం. మళ్ళీ వారం మళ్ళీ కిందే. ఈసారి అతను నవ్వలేదు.

నేను అతన్నే అనుమానించాను. "నిజం చెప్పు మస్తాన్, నన్ను ఆటపట్టిస్తున్నావు కదూ?"

"నువ్వు నాకు తాళమే ఇయ్యలేదు గదన్నా. గోడ దూకొచ్చి స్టీరింగు దించిపోయేంత పనిలేనోడినా నేను?"

తాళం మార్చాను. స్ప్రింగు కొత్తది వేశాను. చక్రం బరువేమోనని దాన్ని విప్పి పక్కన పెట్టాను. ఒట్టి కాలమ్ కూడా కిందికి దిగే కనిపించింది. కెమెరా పెట్టలేదా అంటారు. పాత ఫోను పెట్టాను. షెడ్డు వేడికి అది కాసేపట్లోనే ఆగిపోయింది, అది ఆగేదాకా కాలమ్ కదల్లేదు. చక్రం తిరిగి బిగించాక ఓ వారం ఇసుక తుఫాను వచ్చింది. బండి మీదా నేల మీదా సన్నని పొర. చక్రం కిందే ఉంది. దాని మీద వేలిముద్ర లేదు, నేల మీద అడుగు లేదు. తుఫానుకు ముందే ఎవరో దించి వెళ్ళారనొచ్చు. నేనూ అదే అన్నాను. ఎవరు, ఎందుకు అంటే మాత్రం చెప్పలేకపోయాను.

"ఈ స్టీరింగు ఉన్నంతవరకు నేను బండ్లో కూచోనన్నా. నాకు ముగ్గురు పిల్లోళ్ళు" అన్నాడు మస్తాన్, తలుపు దగ్గరే నిలబడి.

గంటసేపు వాదించాను. అంతా ఓపిగ్గా విని, "నువ్వు చెప్పేది నిజమేన్నా. అయినా కూచోను" అన్నాడు.

అతని ప్రయాణం దగ్గరపడింది. ఒక్కడినే తష్‌లీహ్‌కు వెళ్ళి ఆ టాక్సీ కాలమ్ కొనుక్కొచ్చి బిగించాను. నేను లొంగింది దయ్యానికి కాదు, మస్తాన్‌కి. ఈ తేడా నా పాత మిత్రులకు అర్థం కాకపోతే పోనీ.

బండిని రోడ్డెక్కించే అనుమతి లేదు. షెడ్డు వెనక ఖాళీ మైదానంలోనే మస్తాన్ తోలాడు. చక్రం పొట్టను నొక్కేస్తుంటే "ఊపిరాడల్లేదన్నా!" అని అరుస్తూనే గుండ్రంగా తిప్పాడు. పక్క షెడ్లలోని పాకిస్తానీలు బయటికొచ్చి ఈలలు వేశారు. ఆ వారమే మస్తాన్ వెళ్ళిపోయాడు.

వ్యాను కాలమ్‌ను బల్లకు బిగించి, పైకెత్తి ఉంచాను. వారాలు గడిచినా కదల్లేదు. అయితే ఇదంతా మస్తాన్ పనేనన్నమాట అనుకున్నాను. ఆ జవాబు నాకు బాగా నచ్చింది. దాన్ని రుజువు చేసుకోవడానికే కాలమ్‌ను మళ్ళీ బండిలో బిగించాను. తర్వాతి శుక్రవారం తలుపు తీస్తే చక్రం అడుగు మెట్టులో ఉంది. మస్తాన్ అప్పటికి కడపలో ఉన్నాడు.

భయపడ్డానని రాస్తే మీకు తృప్తిగా ఉండేది. నాకు భయం వేయలేదు. ఎవరో వచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళారనిపించింది. "ఎప్పుడొచ్చావు?" అని పైకే అడిగేశాను. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. ఆ వారమంతా నేను ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదని అప్పుడు తట్టింది.

కారణం నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిదానికి దయ్యమని పేరు పెట్టడం సోమరితనమని ఇప్పటికీ అంటాను. కానీ మొన్న ఓ శుక్రవారం చక్రం పైనే ఉంటే నాకు దిగులేసింది. నన్ను కంగారుపెట్టింది అదీ. ఖోబర్‌లో, దమ్మాంలో ఉన్నవాళ్ళు స్పానర్లు పట్టుకుని రండి. ఆ కాలమ్‌ను ముక్కముక్కలుగా విప్పండి, నేనెక్కడ పొరబడ్డానో నా ముఖం మీదే చెప్పండి. తప్పుడు జవాబు నాకు ఇష్టమైపోకముందే రండి. ఈ శుక్రవారమే రండి.