డప్పుతో వస్తేనే ఐరేని కుండలు

చేత్తో చేసిన వస్తువు కనబడితే నేను ఆగలేను. నారాయణపేట చీర అంచు చూసినా, పాలమూరు సంతలో నల్ల గొంగడి చూసినా తడిమి చూడాల్సిందే, నేసినవాళ్ళ ఇల్లెక్కడో అడగాల్సిందే. మా ఆయనకు ఇదొక తలనొప్పి. "నువ్వు వస్తువు కొనవు, చుట్టరికం కొనుక్కొస్తవు" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. నేను పుట్టి పెరిగింది నందికొండలో, డ్యాం క్వార్టర్లలో. తలో ఊరి నుంచి పనికి వచ్చిన కుటుంబాలు తప్ప మా వీధిలో కుమ్మరి లేడు, మగ్గం లేదు, బుట్టలల్లేవాళ్ళు లేరు. చాట కావాలన్నా కుండ కావాలన్నా హాలియా అంగడికే పోవాలి. అందుకే టీచరు ఉద్యోగం వచ్చి, స్కూటీ చేతికొచ్చాక ఆదివారాలు ఊళ్ళ మీద పడ్డాను.

అట్లా దొరికిందే కుమ్మరి అవ్వ ఇల్లు. హాలియా దాటి కాలువ గట్టు వెంట కొంత దూరం పోతే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. తాత సారె తిప్పి కుండ లేపుతాడు. అడుగు మూయని ఆ పచ్చికుండను అవ్వ ఒళ్ళో పెట్టుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూస్తుంది. ఎండబెట్టడం, ఆవం పేర్చి కాల్చడం కోడలి పని. ఒకసారి నేనూ తడతానని కూర్చున్నాను. నాలుగు దెబ్బలకే కుండకు బొక్క పడింది. అవ్వ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది.

"పిల్లలను గూడ గిట్లనే కొడుతవా టీచరమ్మా? జర మెల్లగ!"

ఆ రోజు నుంచి నేను ఆ ఇంటి మనిషినే. పోయినప్పుడల్లా ఒక కూరకుండో పెరుగుకుండో వెంట వచ్చేది. మా వంటింట్లో స్టీలు గిన్నెలు అటక ఎక్కాయి. ఇంకో నాలుగు కుండలు తెస్తే మనం బయట పడుకోవాలని మా ఆయన అంటుండేవాడు, ఆ కుండలోని పెరుగే రెండుసార్లు వేసుకుంటూ.

మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు, ఐరేని కుండలు అవ్వ దగ్గరే చేయించాలని నేను ముందే అనుకున్నాను. పెళ్ళిలో పూజకు పెట్టే కుండలవి. ఇప్పుడు అందరూ షాపుల్లో పెయింటు వేసి, అద్దాలు అంటించినవి కొంటున్నారు. నాకు మాత్రం అవ్వ చేత్తో సున్నం, జాజు పెట్టినవే కావాలి. చెప్పగానే అవ్వ మొహం విప్పారింది.

"ఎంతమందొస్తరు బిడ్డా?" అని అడిగింది.

"నేను, మా ఆయన. కారుల పెట్టుకొని పోతం" అన్నాను.

అవ్వ చిన్నగా నవ్వి మళ్ళీ కుండ తట్టసాగింది. వయసు మీద పడింది కదా, సరిగా వినబడలేదేమో అనుకున్నాను. అంత తెలివి నాది.

పెళ్ళి మూడు రోజులుందనగా, పాత దుప్పట్లు, వరిగడ్డి డిక్కీలో వేసుకుని పోయాం. లోపలి అర్రలో కుండలు వరుసగా ఉన్నాయి. ఎర్రటి జాజు మీద తెల్లటి గీతలు, చుక్కలు. ఒక గీత కొంచెం వంకర పోతే, ఆ వంకరను తీగగా మార్చి ఆకు వేసింది. ఎంత ముచ్చటగా ఉన్నాయో! నేను చెయ్యి చాపేలోగా అవ్వ గడపలో అడ్డంగా నిలబడింది.

"గవి గట్ల పోవు బిడ్డా."

"మరెట్ల పోతయి?"

"డప్పుతోని రావాలె."

నాకు కోపం ముక్కు మీదనే ఉంటుంది. పైగా కార్డులు పంచడం, వంటవాళ్ళు, జాకెట్లు కుట్టే ఆమె, అన్నీ నెత్తి మీదున్నాయి. "అవ్వా, నాకు వెయ్యి పనులున్నయి. డప్పుకు, కుండకు ఏం సంబంధం? ఇస్తె ఇయ్యి, లేకుంటె షాపుల తెచ్చుకుంట" అనేశాను. తాత తల దించుకుని సారె వైపు చూశాడు. అవ్వ అర్ర తలుపు గొళ్ళెం పెట్టింది. నేను విసవిసా వచ్చి కారులో కూర్చున్నాను.

హాలియా దాటుతుంటే మా ఆయన మెల్లగా అన్నాడు. "డిక్కీ ఖాళీగుంటే బండి మంచిగ ఉరుకుతాంది."

నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి కేతేపల్లి నుంచి పెద్దమ్మ దిగింది. నీళ్ళయినా తాగనియ్యకుండా అవ్వ మీద ఫిర్యాదు మొదలుపెట్టాను. అంతా విని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఐరేని కుండలను దుప్పట్ల సుట్టుకొద్దామని పోయినవా? పెండ్లి పిలగాన్ని గూడ కొరియర్‌ల తెప్పియ్యరాదే!"

అప్పుడు చెప్పింది. ఆడవాళ్ళంతా డప్పులతో కుమ్మరి ఇంటికి పోవాలి. సారెకు పసుపు కుంకుమ పెట్టాలి. ఆ ఇంటి ఆడమనిషిని పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, చీర పెట్టి, ఒడిలో బియ్యం పోయాలి. అప్పుడు ఆమె తన చేతులతో కుండలు ఎత్తి మన తల మీద పెడుతుంది. యాభై ఏళ్ళ దాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, నాకిది తెలియదు. మా క్వార్టర్లలో పెళ్ళి కుండలు జీపులో వచ్చేవి, దించుకునేవాళ్ళం. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే స్కూటీ తీశాను. వాకిట్లో కోడలు మట్టి తొక్కుతోంది. అవ్వ చెరువుమట్టికి పోయిందని చెప్పి, కాళ్ళు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. ఎన్నడూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి ఆ రోజు మాట్లాడింది.

"మా అత్త గీ ఇంటికి కోడలై వచ్చినప్పుడు శాన పెండ్లిండ్లకు డప్పులొస్తుండెనట. బొట్టు, చీర అన్ని ఆమె అత్తకే. మా అత్త తలుపెనక నిలవడి సూసేది. ముసలామె శాన ఏండ్లు బతికింది. ఆమె పోయినంక మా అత్త వంతొచ్చింది. గప్పటికి అందరు షాపులల్ల కొనవట్టిరి. ఒక్క డప్పు రాలే. నువ్వు అడిగిన దినం, కారుల పోతమన్నది పరాచికమనుకొని, మన వాకిట్లకు డప్పొస్తదని ఊరంత చెప్పుకున్నది. ఇప్పుడు నలుగుర్ల తిరగాల్నంటే ముఖం చెల్లక, ఊరు లేవకముందే మట్టికి పోయింది."

నేను అరుగు మీద కూలబడ్డాను. అంతలో అవ్వ మట్టిగంపతో వచ్చింది. నన్ను చూసి గంప దించకుండా నిలబడింది. నేనే దించాను.

"తప్పయింది అవ్వా. రేపు డప్పులతోని వస్తం."

"నీకు వెయ్యి పనులున్నయి గద బిడ్డా."

"ఇది వెయ్యిన్నొకటోది" అన్నాను. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

డప్పులవాళ్ళను బారాత్‌కు మాత్రమే మాట్లాడుకున్నాం. విషయం చెబితే, కుమ్మరింటికా, డప్పు తోలు మంటకు కాపుకుని తయారుగా ఉంటామన్నారు సంతోషంగా. అసలు కష్టమంతా చుట్టాలతోనే. ఎండంది ఒకామె, చీర నలుగుతుందంది ఇంకొకామె. పెద్దమ్మ అందరినీ కోళ్ళను తోలినట్టు తోలి డీసీఎం వ్యాను ఎక్కించింది. కాలువ గట్టు మీద గాలి కొట్టేసరికి ఎండ అన్నామె అందరికంటే గట్టిగా పాట అందుకుంది.

ఊరి మొదట్లోనే దిగి నడిచాం. డప్పు మోగగానే ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. ఒకాయన సగం గడ్డంతోనే, మొహం మీద సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు. కుమ్మరి వాకిలి అలికి ముగ్గు వేసి ఉంది. కడిగిన సారె పక్కన తాత తెల్ల అంగీ వేసుకుని, బిగుసుకుని నిలబడ్డాడు. సారెకు పసుపు కుంకుమ పెట్టాం. అవ్వను పీట మీద కూర్చోమన్నాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి ఒళ్ళో, ఒకసారి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

నేను కుంకుమ భరిణె తీసుకుని వంగాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. మళ్ళీ ఏం తప్పు చేశానో అనుకున్నాను. ఆమె నన్ను చూడటం లేదు. వెనక్కి తిరిగి, తలుపు వెనక నిలబడ్డ కోడలిని పిలిచింది. కోడలు రాకపోతే లేచి పోయి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పీట మీద సగం జాగా ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ముందుగాల దీనికి పెట్టు."

"అత్తా, గిది నీ వంతు" అంది కోడలు, లేవబోతూ.

అవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేసి అదిమింది. "నేను సచ్చేదాక గా తలుపెనకనే ఉంటవా? పెట్టు బిడ్డా."

కోడలికి పెట్టాను. తర్వాత అవ్వకు పెట్టాను.