కొండ మీద నుంచొచ్చిన జవాబు

"బిళ్ళేసుకున్నారా?" అని ఫోన్లో అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. లైను పోనాదేమో అనుకుని, "కోపం పోనాదా?" అన్నాను. అప్పుడొచ్చింది ఆయన మాట.

"ఆఁ."

అంతే, ఫోను కట్టయిపోనాది. ఆ పొద్దే కొండ మీద టవరు కాడ మా ఆయన గుండె ఆగిపోనాది.

రాసుకోమ్మా. నా తమ్ముడి కూతురివి, సదువుకున్నదానివి. నాకు సంతకం తప్ప రాదు.

ఇల్లు నర్సీపట్నంలో, ఆయన పని ఏజెన్సీ కొండల మీదున్న సెల్ టవర్ల కాడ. టవర్లకీ గడియారాలుంటాయని ఆయన సెప్పేదాకా నాకు తెలీదు. అవన్నీ కింద పెద్ద గడియారంతో కలిసి నడవాలంట. లేకపోతే బస్సులో మాట్లాడుకుంటా పోయేవోళ్ళకి ఒక టవరు దాటి ఇంకో టవరు కిందకొచ్చేకాడ మాట తెగిపోతాదంట.

"అంత దూరంలో ఉన్నవి ఎలా కలుస్తాయండీ?" అన్నాను ఓ నాడు సేపలు తోముతా.

"మాకవరపాలెం నుంచి మా అక్క టైమెంతో సెప్పి నిన్ను పంపిందనుకో. నువ్వొచ్చి నాకు సెప్పేసరికి ఆ టైము పాతబడిపోదూ? నువ్వు దార్లో ఉన్న సేపుని దానికి కలుపుకోవాల. ఆ సేపు తెలవాలంటే ఇక్కడి నుంచీ ఓ కబురు పంపాల. పోను, రాను ఎంతసేపయిందో సూసి, అందులో సగం తీసుకుంటాది గడియారం."

"దార్లో నాను మీ అక్కని తిట్టుకుంటా నిలబడిపోతే?"

"అదేనే మా తలనొప్పి!" అని పడీపడీ నవ్వారు. "పోయేటప్పుడు బేగి పోయి, వచ్చేటప్పుడు నీలాగ నిలబడిపోతే ఆ సగం లెక్క తప్పు. గడియారం తప్పు టైమునే నిజమనుకుని కూకుంటాది. అందుకే ఒక్క జవాబుతో ఊరుకోదు. మళ్ళీ మళ్ళీ అడుగుతానే ఉంటాది."

కొండ మీద నుంచి ఆయన ఫోను సేస్తే మాట ఆలీసంగా వచ్చేది. ఒకటడిగి, దాని జవాబొచ్చాకే ఇంకోటి అడిగేదాన్ని. అది మాకు అలవాటు. ఆ రోజు మాత్రం లైను పోనాదనుకుని, మొదటిదానికి జవాబు రాకుండానే రెండోది అడిగేసాను.

ఆ కోపం దేనికంటావా? ఆయనకి బీపీ. కొండ డ్యూటీ మార్పించండి బాబూ అని వాళ్ళ పై ఆఫీసరుకి నాను ఫోను సేసాను. అది తెలిసి నాతో మాట మానేసి కొండ మీదకెళ్ళిపోయారు. ఇప్పుడైనా సేస్తాను ఆ ఫోను. ఏటి తప్పు?

ఆ "ఆఁ" బిళ్ళకయితే, కోపంతోనే పోయారు. కోపానికయితే, బిళ్ళ ఏసుకోకుండా పోయారేమో. ఆయన సొక్కా జేబులో దొరికిన బిళ్ళల అట్ట ఆఫీసోళ్ళు తెచ్చిచ్చారు. అంతకు ముందు అందులో ఎన్నుండేవో నాకేటి తెలుసు? ఓ రోజు ఇటనుకుంటాను, ఓ రోజు అటనుకుంటాను. ఎటనుకున్నా అన్నం దిగదు.

నా మాట పైకెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో, ఆయన మాట కిందకి రావడానికి ఎంతసేపు పట్టిందో సెప్పగలిగింది ఆయనొక్కరే. మళ్ళీ అడగడానికి ఆయన లేరు. నా కాడున్నది ఒక్క జవాబు.

నీకు రాయడం అయిందా? ఇప్పుడు మొదటినుంచీ సదువమ్మా. నా రెండు మాటలూ సదివి ఆగు. "ఆఁ" అని బేగి అనేయకు. ఆ రోజు అది ఎంతసేపటికి వచ్చిందో నా సెవికి తెలుసు. నాను సెయ్యెత్తుతాను, అప్పుడను.