పదకొండు మిరపకాయలు

అర్ధకిలో వంకాయలకు పదకొండు పచ్చిమిరపకాయలు. పది వేస్తే ఉడికించి మెదిపిన బజ్జి చప్పగా ఉంటుంది, పన్నెండు వేస్తే ముక్కు కారుతుంది. నాలుగేళ్లు తిని, తిట్టుకుని, మళ్లీ వండి పట్టుకున్న లెక్క ఇది. ఈ లెక్క వల్లే ఒకసారి మా ఆవిడ ఉద్యోగం పోయినంత పనయింది.

నేను పదో తరగతి తప్పాను. బడిలో రాని లెక్కలు నంద్యాలలో బియ్యం మిల్లు కాటా దగ్గర పనికి చేరాక వచ్చాయి. బస్తాలు ఎక్కుతుంటే, దిగుతుంటే, నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆ తర్వాత దేన్నీ లెక్క వేయకుండా వదల్లేకపోయాను. ఒంటరిగా గదిలో ఉన్న నాలుగేళ్లూ కిరసనాయిలు స్టవ్ మీద వండుకున్నది కూడా లెక్క ప్రకారమే. సంగటికి ఒక గ్లాసు బియ్యం, ఆరు గ్లాసుల నీళ్లు, రెండు గ్లాసుల రాగిపిండి. చిన్న చెంచాడు ఉప్పు, అదీ అంచుకు సమంగా గీసి.

మా ఆవిడ నా మేనమామ కూతురే. ఆళ్లగడ్డ పిల్ల. తొంభైల చివర్లో మా పెళ్లయ్యేనాటికి టైపు హయ్యరు పాసయింది. నంద్యాల వచ్చిన మూడో నెలలోనే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించే పని దొరికింది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఆ పని అంటే ఆమెకు ప్రాణం. ఇరవై మిషన్లు ఒక్కసారిగా టకటకలాడుతుంటే వాటిలో ఏ పిల్ల ఏ అక్షరం తప్పు కొట్టిందో చెవితోనే చెప్పేది. మామకు మాత్రం ఆ పని గిట్టలేదు. ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"దీపాలు పెట్టే యాళకు నా కూతురు ఇంట్లో పొయ్యి ముట్టియ్యాల. అది కాలేదని తెలిసిందా, ఆ పని మానిపిస్తా."

అందుకని ఇన్‌స్టిట్యూట్ ఆరింటికే మూసేస్తారని మామకు చెప్పాం. పొద్దున ఉగ్గానో చిత్రాన్నమో ఆమె చేసేది. మిల్లు నుంచి అయిదున్నరకు వచ్చే నేను రాత్రి వంట చేసేవాణ్ని. మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఈ సంగతి తెలిసిన మూడో మనిషి పక్క పోర్షన్‌లోని దర్జీ భార్య ఒక్కతే. మా ఇళ్ల మధ్య నడుమెత్తు గోడ. పొద్దు వాలగానే ఆమె గోడ మీద గిన్నె పెట్టి కేకేసేది.

"అన్నా, ఈపొద్దు ఏం కూర?"

"గోంగూర పప్పు అక్కా."

"నిన్న మా ఆయన బీరకాయ తిని, ఎవరు చేసినారని అడిగినాడు. నువ్వని చెప్తే, మొగోనిపాటి వంట రాదా అని రెండ్రోజులు నన్ను బతకనియ్యడని మీ ఇంటామె పేరు చెప్పినా."

గిన్నె ఉత్తగా తిరిగి వెళ్లే ఆచారం మా వీధిలో లేదు. గోంగూర పప్పు వెళ్తే దాల్చా వచ్చేది. వాళ్ల గిన్నె మా గిన్నె కంటే కొంచెం పెద్దదని నేను గమనించాను కానీ ఎప్పుడూ బయటపడలేదు.

ఇంట్లోకి ఫోన్ వచ్చాక కష్టాలు మొదలయ్యాయి. సోమవారం, గురువారం రాత్రి ఎనిమిదింపావుకు అత్త ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేసేది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఏం కూర చేసినావని. మా ఆవిడ అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతూ ఉండేది. గిన్నె మూత తీసి చూసే వ్యవధి ఉండదు. అందుకని ఫోన్ పక్కన పలక ఒకటి పెట్టి, దాని మీద ఆ రాత్రి వంట రాసిపెట్టేవాణ్ని. ఆమె దాన్ని చూసి చదివేసేది.

రెండు నెలలు బాగానే గడిచింది. ఒక సోమవారం అత్త అడిగింది: "ఏమే పాపా, సోమారం వస్తే బీరకాయేనా మీ ఇంట్లో?"

తప్పు నాదే. నేను ఏడు కూరలు వరస పెట్టుకుని వండుతున్నాను. వారానికి రోజులూ ఏడే. అత్త ఎన్ని సోమవారాలు అడిగినా బీరకాయే తగులుతుంది. ఆ రాత్రి కూర్చుని ఇంకో రెండు చేర్చి తొమ్మిది కూరల వరస చేశాను. అలసందలు ఒకటి, బుడ్డల చట్నీతో జొన్నరొట్టె ఒకటి. మా వైపు వేరుశనగ గింజల్ని బుడ్డలంటాం. తొమ్మిది అయితే సోమవారం నాడు బీరకాయ మళ్లీ రావడానికి తొమ్మిది వారాలు పడుతుంది. ఆ లెక్కకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మా ఆవిడ మెచ్చుకోలేదు.

"బీరకాయ అట్లే ఉండనీ, తినేది మనమే గదా," అంది.

ఆ తర్వాత వచ్చిన ఒక సోమవారం వంకాయ బజ్జి. పలక మీద వంట పేరు రాసి ఊరుకోవచ్చు. కొలతలు కూడా రాశాను. అత్త ఎలా చేశావని అడిగితే తడుముకోకూడదు కదా అని నా ముందుచూపు.

"కారం సరిపోయిందా?" అని అడిగింది అత్త.

"పదకొండు మిరపకాయలేసినా మా," అని పలక చూసి చదివింది మా ఆవిడ.

"పదకొండా?"

"ఔ. అర్ధకిలో వంకాయలకు పదకొండు."

"మంచిదిలే పాపా," అని అత్త ఫోన్ పెట్టేసింది. ఎప్పుడూ పది నిమిషాలకు తక్కువ మాట్లాడని మనిషి, ఆ రోజు రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

గురువారం సాయంత్రం ఏడు గంటలు. నేను సంగటి కెలుకుతున్నాను. సంగటి కెలకడం నిలబడి చేసే పని కాదు. లుంగీ పైకి దోపి, కింద కూర్చుని, గుడ్డ వేసి కుండను రెండు పాదాల మధ్య బిగించి, రెండు చేతులా కట్టె పట్టి తిప్పాలి. ఆ భంగిమలో ఎవరికీ మర్యాద మిగలదు. గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

"అన్నా! మీ అత్త!"

అప్పటికే గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చంకలో సంచి, కాళ్లకు చెప్పులు. నా చేతులు ఆగిపోయాయి.

"ఆపొద్దప్పా," అంది అత్త. "ఆపితే ఉండలు కడతాది."

మళ్లీ తిప్పాను. ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, నేను కెలకడం పూర్తయ్యేదాకా చూసింది.

"పాప యాడ?"

"ఇన్‌స్టిట్యూట్‌లో అత్తా. ఎనిమిదింటికి వస్తాది." ఇక దాచి లాభం లేదు. "ఎట్ల తెలిసింది నీకు?"

"మా ఇంట్లో పుట్టినోళ్లు ఎవురన్నా మిరపకాయలు లెక్కబెడతారా? పిడికిట్లో ఎన్ని పడితే అన్ని ఏస్తాం. లెక్కబెట్టేటోడు మన సుట్టాల్లో ఒకడే ఉండాడు. చిన్నప్పుడు పండక్కొచ్చి, నీకు ఆరు పూర్ణం బచ్చాలు, నీ తమ్మునికి ఏడు ఏసినానని ఏడ్సలేదూ నువ్వు?"

"మామకు చెప్తావా?"

"ముందు తిననీ."

పెట్టాను. ఒక ముద్ద తిని, రెండోది తిని, మూడోదాంట్లో సగం వేయించుకుంది. ఎనిమిది దాటాక మా ఆవిడ వచ్చింది. తల్లి ముందు కంచం, కంచం ముందు గరిటెతో నేను. చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"మా, నన్ను మానిపియ్యద్దు మా," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అత్త నావైపు తిరిగింది. "లెక్కలోడా, నా పెళ్లై ముప్పై ఏండ్లు. రెండు పూటలా వండినా. ఎన్నిమార్లయింటాది?"

"ఇరవయ్యొక్క వేల తొమ్మిది వందలు అత్తా. లీపు సంవత్సరాలు కలపలేదు."

"అన్నిమార్లలో ఒక్కనాడన్నా నాకెవురన్నా కంచం పెట్టి, ఇంకొంచెం ఎయ్యాలా అని అడగల్యా. ఈడ నాలుగు రాత్రులుంటా. నాలుగూ నువ్వే వండాల. మీ మామ సంగతి నేను జూసుకుంటా."

ఆ మాట ఎంతవరకు నమ్మాలో మాకు తెలియలేదు. ఆ రాత్రి మా ఆవిడ సరిగ్గా తినలేదు.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. మామ!

"అల్లుడా, పాపను పిలు."

ఆరింటికే ఇంటికి చేరి ఉండాల్సిన పాప ఇంకా మిషన్ల మధ్య ఉంది. "పాపనా మామా?" అన్నాను, అత్తకు వినబడేట్టు. అత్త తింటున్న బుడ్డలు కింద పెట్టి, రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్ది చూపించింది.

"చేతులు పిండిలో ఉండాయి మామా. ఏం కావాల్నో చెప్పు, అడిగి చెప్తా."

మామ గొంతు తగ్గించాడు. "మీ అత్త నిన్నటి మటుకే వండిపెట్టి పోయింది. సంగటి చేసుకుందామని కూసున్నా. నీళ్లెన్ని పొయ్యాల్నో అడుగు. మీ అత్తకు చెప్పాకు."

నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి అత్తవైపు చూశాను. అడగనవసరం లేదు, ఆరు గ్లాసులు. ఆమె తొమ్మిది వేళ్లు చూపించింది. నేను ఆరు చూపించాను. ఆమె తొమ్మిది వేళ్లూ నా ముఖం దగ్గరికి తెచ్చి ఆడించింది.

కాటా దగ్గర అన్నేళ్లు పనిచేసి తెలిసి తెలిసి తప్పు లెక్క చెప్పినవాణ్ని కాదు. "తొమ్మిది మామా," అన్నాను. "గ్లాసు బియ్యానికి తొమ్మిది అంటాంది పాప."

శనివారం రాత్రి ఎనిమిదింపావుకు మామే మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి మా ఆవిడే తీసింది. తొమ్మిది గ్లాసుల సంగతి ఆమెకు మేమిద్దరం చెప్పలేదు. మామ గొంతు ఫోన్ దాటి వరండా దాకా వినబడుతోంది.

"పాపా, నిన్నా అంబలే, ఈపొద్దూ అంబలే. నువ్వు చెప్పినట్లే పోసినా. కెలికి కెలికి నా రెక్కలు పడిపోయినాయి, ముద్ద కాల్యా. ఎట్ల జేస్తాండావే దినామూ? అంతసేపు మిషన్ల కాడ కూసోనొచ్చి మళ్లా ఇది గూడానా?"

"అలవాటైపోయింది నాయనా," అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

"ఆ పని నువ్వు మానాకు. ఇంత కష్టం చేసేదానివి, ఇంక నేను పొయ్యి గురించి అడగను. మీ అమ్మను మాత్రం రేపు మొదటి బస్సుకు పంపు. బేగా పంపు."

మా ఆవిడ ఫోన్ చేత్తో మూసి తల్లికి చెప్పింది. అత్త అలసందల కూరలో రొట్టె ముంచి, తీరిగ్గా నమిలి మింగింది.

"నాలుగు రాత్రులని చెప్పినా. మూడే అయినాయి," అంది. "బస్సులో సీటు దొరకదని చెప్పు."

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు అరగంటకో బస్సు. అయినా మా ఆవిడ సీటు దొరకదనే చెప్పింది.